శివారు వంతు

నీరు పల్లమెరుగు అంటారు గానీ
మా నాలుగో నంబరు బోదెలో నీరు
ముందు మోతుబరుల్ని ఎరుగు,
తర్వాత వాళ్ళ మోటార్లని ఎరుగు,
చచ్చీ చెడీ ఎప్పటికో
మా పల్లాన్ని ఎరుగు.

ధవళేశ్వరంలో తలుపెత్తిన నీళ్ళు
కొత్తలంకపాలెం చేరేసరికి
తొమ్మిది రోజులు, పదకొండు తూములు.
మా తర్వాత ఇంక చేలు లేవు.
సరుగుడు తోటలు, ఉప్పు గాలి, సముద్రం.

బడి గోడ మీద నీలం రంగుతో
సత్యం, న్యాయం, సహనం అని రాసుంది.
న్యాయానికి యావత్తు వానకి కొట్టుకుపోయింది.
మిగిలింది 'నాయం'.
మేం ఎటూ అలాగే పలుకుతాం గనక
ఎవరూ దిద్దలేదు.

దాళ్వా. పైరు పొట్ట మీదుంది.
లస్కరు జకరయ్య పుస్తకంలో
ఆ రాత్రి వంతు పల్లాలమ్మది.
నా చేను కింద, అందరికన్నా చివర,
ఆవిడది ఎకరం కౌలు.
నా వంతు ఎల్లుండి.
నెర్రెలో నా బొటనవేలు దిగింది.
ఎల్లుండి దాకా ఆగదనుకున్నాను.
అందరూ చేసేదే అనుకున్నాను.
దొంగ కప్పుకోడానికి
ఇంతకన్నా వెచ్చటి దుప్పటి ఎవరూ నెయ్యలేదు.

రెండో జాములో గట్టు కోశాను.
నీళ్ళు నా చేలోకి మళ్ళుతుంటే
పిల్లి పాలు తాగుతున్న చప్పుడు.
సిగ్గుపడాల్సింది.
సంతోషించాను, అబద్ధమెందుకు.

టార్చిలైటు నా కాళ్ళ మీద పడింది.
మొహం మీద వెయ్యలేదు పల్లాలమ్మ.
"తడిసిందా?" అంది.
"మూడొంతులు."
"నాలుగోది ఎండితే నీకేం మిగుల్తది, తడవనీ.
గండి మట్టుకు నువ్వే పూడ్చు బాబూ,
నాకు నడుం వంగదు" అని
గట్టు మీద చతికిలబడి
కొంగులోంచి ఉడకబెట్టిన తేగ తీసి
నాకో సగం విరిచింది.

తిట్టి ఉంటే తెల్లారికి మర్చిపోయేవాణ్ణి.
ఆ తేగ పీచు
ఇప్పటికీ నా పళ్ళ సందునే ఉంది.

శుక్రవారం నీటి సంఘం మీటింగు.
లస్కరే నీళ్ళు అమ్ముకుంటున్నాడన్నారు.
జకరయ్య ఏమీ అనలేదు,
పుస్తకాన్ని గుండెకి ఆనించుకుని నించున్నాడు,
ప్రార్థనలో నించున్నట్టు.
నేను లేచాను.
మా ఆవిడ వెనకనించి చొక్కా లాగింది.
"మొన్న కోసింది నేను" అన్నాను.

ప్లాస్టిక్ కుర్చీలు కిర్రుమన్నాయి.
చాలాసేపు అదే చప్పుడు.
తర్వాత వెనక వరసలో పితాని సూరిబాబు
నేల చూస్తూ, "నేనూ. పోయిన శనివారం."
ఇంకొకరు. ఇంకొకరు.
ఇరవయ్యేడు మందిలో తొమ్మండుగురు.
పెద్ద మోటారాయన మాత్రం
ఫోనొచ్చినట్టు లేచి బండెక్కాడు.
ఆ మోటారు ఇంకా అక్కడే ఉంది.

జకరయ్య కొత్త పేజీ తిప్పి
ఎవర్నీ అడక్కుండా పైన రాశాడు:
'వంతు కొసనించి మొదలు.'
వేలిముద్రలు వేసేవాళ్ళు వేశారు,
సంతకాలు పెట్టేవాళ్ళు పెట్టారు.

అంతా బాగుపడిపోయిందని చెప్పను.
పోయిన మంగళవారం కూడా ఎవరో కోశారు.
తెల్లారేలోగా ఎవరో పూడ్చారు.
ఇద్దరూ ఒక్కడే అని
నాకు గట్టిగా అనుమానం.

ఇదివరకు మా పేటలో మగాళ్ళందరం
రాత్రుళ్ళు గట్ల మీద ఒకళ్ళకొకళ్ళం కాపలా.
పగలంతా కళ్ళెర్రజేసుకుని
పిల్లల్ని అరిచేవాళ్ళం.
ఇప్పుడు నా టార్చిలైటు చూరులో ఉంది.
బ్యాటరీలు చీమిడి కారి పాడైపోయాయి,
కొత్తవి కొనలేదు.
గురక మళ్ళీ మొదలైందని మా ఆవిడ ఫిర్యాదు.

సుఖమంటే ఏమిటని నన్నెవరూ అడగరు,
అడిగితే చెప్పేందుకు
నా దగ్గర ఇంతే ఉంది:
అర్ధరాత్రి మెలకువొస్తుంది.
నీళ్ళు నా చేను దాటి
పల్లాలమ్మ చేలోకి పోతున్న చప్పుడు.
అటునించి ఇటు ఒత్తిగిల్లి
పడుకుంటాను.